లేచి వెళ్ళిపోయేవాళ్ళంటే నాకు గౌరవమే

కచేరీ మధ్యలో లేచి వెళ్ళిపోయేవాళ్ళని చూస్తే నాకు కోపం రాదు. నిజం చెప్పాలంటే వాళ్ళంటే కాస్త గౌరవం కూడా. నా కోపమంతా రెండు గంటలు ఫోన్‌లో రీల్స్ చూసుకుంటూ కూర్చుని, ఆఖర్న ముందు వరసవాళ్ళు లేచారు కాబట్టి తనూ లేచి చప్పట్లు కొట్టి, మెట్లు దిగుతూ పక్కాయన్ని "మీకేమైనా అర్థమైందాండీ?" అని అడిగేవాడి మీద. ఆ పక్కాయనా అంతసేపూ చప్పట్లు కొట్టినవాడే. "ఏదో పెద్ద సంగీతమంటండీ" అంటాడు. ఇద్దరూ నవ్వుకుని బళ్ళు తీసుకుని వెళ్ళిపోతారు.

ఇది ఊహించి రాసింది కాదు, ఆమధ్య బెజవాడలో ఒక హాల్లో నా చెవులతో విన్నదే. ఏ హాలో, ఎవరు పెట్టారో అనవసరం. అసలు అలాంటి కార్యక్రమం పెట్టినందుకే వాళ్ళకి దణ్ణం పెట్టాలి. బయటి దేశం నుంచి ఒకాయన వచ్చి చెల్లో, అంటే కూర్చుని వాయించే పెద్ద వయొలిన్ లాంటిది, వాయించాడు. వాయించడం అని మనం దేన్నంటామో అది ఆయన చేసింది చాలా తక్కువ. కమానుతో తీగల్ని గట్టిగా నొక్కి కీచుమనిపించాడు, తీగల్ని ఎత్తిపట్టే చెక్క, అదే బ్రిడ్జి, దానికి అవతల పక్క గీశాడు, చెక్క మీద వేళ్ళతో కొట్టాడు, మధ్యమధ్య చాలాసేపు ఊరికే ఉన్నాడు. దానికి ముందు సన్మానం జరిగింది, ఎంతసేపో మీకు తెలుసు. శాలువాలు, బొకేలు, జ్ఞాపికలు, సంగీతానికి ఎల్లలు లేవన్న ఉపన్యాసం. ముఖ్య అతిథిగారు మొదటి అంశం అవగానే మైకు తీసుకుని "మహాద్భుతం" అని చెప్పి, ఇంకో ప్రోగ్రాం ఉందని వెళ్ళిపోయారు. ఆ ఒక్క మాటతో హాల్లో మిగిలినవాళ్ళందరి నోళ్ళూ కట్టేసినట్టయింది. పెద్దాయన అద్భుతం అన్నాక మనం బాగాలేదంటే మనకే తెలివి లేదనుకుంటారు కదా.

ఆ రాత్రి హాల్లో శ్రద్ధగా విన్నది ఒక్కడే, మైక్ సెట్ కుర్రాడు. ఆ కీచుమన్న చప్పుడు మొదలవగానే కేబుల్ లూజైందనుకుని పరిగెత్తుకుంటూ స్టేజీ మీదకి వెళ్ళాడు. చెల్లో ఆయన కళ్ళతోనే ఏం ఫర్వాలేదన్నాడు. కుర్రాడు కిందికి దిగి, మిక్సర్ దగ్గర కూర్చుని, ఆఖరిదాకా ఆయన చేతినే చూస్తూ ఉన్నాడు. ఏది వాయిద్యం చప్పుడో, ఏది వైరు చప్పుడో కనిపెట్టాల్సిన పని వాడికుంది మరి.

ఇలాంటి సంగీతం ముందు జనం ఇంత మర్యాదగా కూర్చోవడం మొదటినుంచీ ఉన్నదేం కాదు. 1913 మార్చి 31న వియన్నాలో మ్యూజిక్‌ఫెరైన్ హాల్లో అర్నాల్డ్ షోన్‌బెర్గ్ అనే స్వరకర్త ఒక కచేరీ నడిపించాడు. తన రచన ఒకటి, తన శిష్యులు వెబెర్న్, బెర్గ్‌లవి, ఇంకొకరివి, చివర మాలర్ పాటలు, అదీ ప్రోగ్రాం. బెర్గ్ పాటల దగ్గరికొచ్చేసరికి నవ్వులు, కేకలు, ఆ తర్వాత కొట్లాట. పోలీసులొచ్చారు. మాలర్ పాటలదాకా కచేరీ వెళ్ళనేలేదు. నిర్వాహకుల్లో ఒకాయన ఎవర్నో చెంపదెబ్బ కొట్టాడని కేసయింది, సాక్ష్యానికి వచ్చిన ఆస్కార్ స్ట్రాస్ అనే ఓపెరెట్టా (సరదా సంగీత నాటకం) స్వరకర్త, ఆ సాయంత్రం మొత్తంలో శ్రావ్యంగా వినిపించింది ఆ చెంపదెబ్బేనని చెప్పాడట. ఇంతకన్నా మంచి రివ్యూ నేను చదవలేదు.

దాదాపు రెండు నెలలకి, మే 29న, పారిస్‌లో అందరికీ తెలిసిన గొడవ. స్ట్రావిన్‌స్కీ సంగీతం, నిజిన్‌స్కీ నృత్యం, ది రైట్ ఆఫ్ స్ప్రింగ్ అనే బ్యాలే, అంటే నృత్య ప్రదర్శన. ఆ గొడవ గురించి చెప్పేవాళ్ళు ఒక సంగతి వదిలేస్తుంటారు. ఆ రాత్రి ప్రోగ్రాంలో అది రెండో అంశం. మొదటిది తెల్లగౌన్లు వేసుకుని, షోపాన్ సంగీతానికి మునివేళ్ళమీద తేలిపోయే బ్యాలే. అది చూసి మెత్తబడి కూర్చున్న జనం ముందుకి, పాదాలు లోపలికి తిప్పుకుని నేలని దబదబా తొక్కే డాన్సర్లు వచ్చారు. ఇంకేముంది! అరుపులు ఎంత పెరిగాయంటే స్టేజీమీద వాళ్ళకి ఆర్కెస్ట్రా వినపడక, నిజిన్‌స్కీ పక్కన కుర్చీ ఎక్కి లెక్కలు అరిచి చెప్పాల్సొచ్చింది. కండక్టర్ పియేర్ మాంటో మాత్రం ఆపకుండా చివరిదాకా నడిపించాడు. మరుసటి ఏడాది ఏప్రిల్లో అదే ఊళ్ళో, అదే మాంటో, నృత్యం లేకుండా ఉత్త సంగీతం వినిపిస్తే జనం స్ట్రావిన్‌స్కీని భుజాల మీద ఎత్తుకుని బయటికి తీసుకొచ్చారు. అంటే మొదటి రాత్రి వాళ్ళు తిట్టింది సంగీతాన్నా, డాన్సునా అన్నది మీరే ఆలోచించుకోండి. నా లెక్కలో డాన్సుదే ఎక్కువ పాలు.

గొడవలు గొప్పవని నేననను. ఆ జనానికి ఆ సంగీతం తమదే అన్న హక్కు ఉండేదనిపిస్తుంది, అంతే. మన ఇంట్లో సామాన్లు ఎవడో వచ్చి అటూఇటూ మారుస్తుంటే ఒళ్ళు మండుతుంది. ఎవరి ఇల్లో అయితే మనకేం, కాఫీ ఇస్తే తాగి వస్తాం.

మనకీ ఉండేది ఆ హక్కు. మా బాబాయి కుర్రతనంలో తెనాలి, గుంటూరు వైపు నాటకాలకి హార్మోనియం వాయించేవాడు. కాటి సీను పద్యానికి "వన్స్ మోర్" పడితే ఆ పద్యం మళ్ళీ పాడాల్సిందే, తెల్లారుతున్నా సరే. రాగం మరీ సాగదీస్తే "ఇక చాల్లే బాబూ, చావు" అని వెనకనుంచి కేక పడేది. బాబాయి మాటల్లో చెప్పాలంటే, "వన్స్ మోర్ అన్నవాడూ, చావు అన్నవాడూ ఒకడేరా, ఇవ్వాళ రాగం కుదిరితే ఒకటి, కుదరకపోతే ఒకటి." ఈలపాట రఘురామయ్యగారు పుట్టిన సుద్దపల్లి గుంటూరు జిల్లాయే కదా. నోట్లో వేలు పెట్టుకుని పద్యాన్ని పద్యంలా, రాగం చెడకుండా ఈలతో పాడేవారాయన. జనం వేసే ఈలని కళాకారుడే లాక్కుని స్టేజీమీద వాయిద్యం చేసుకున్న ప్రాంతం ఇది. ఇక్కడివాళ్ళకి ప్రయోగం అంటే భయం ఉంటుందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

శాస్త్రీయ సంగీతంలో కూడా అంతే. బాలమురళీకృష్ణగారు ఎనిమిదేళ్ళ వయసులో త్యాగరాజ ఆరాధనలో పాడింది బెజవాడలోనే, తర్వాత ఇక్కడి సంగీత కళాశాలకి ప్రిన్సిపల్‌గా పనిచేశారు. ఆయన నాలుగు స్వరాలతో మహతి, లవంగి, మూడే స్వరాలతో సర్వశ్రీ అని రాగాలు చేస్తే, ఐదు స్వరాలైనా లేనిది రాగమెలా అవుతుందని పెద్దపెద్దవాళ్ళే ఎదురు తిరిగారు. వీణ ఎస్. బాలచందర్ గారైతే పెద్ద వివాదమే నడిపారు. పాలకొల్లు కుర్రాడు శ్రీనివాస్ 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో ఎలక్ట్రిక్ మాండొలిన్‌తో మొదటి కచేరీ చేశాడు. సినిమా పాటల్లో వాయించే మాండొలిన్‌కి కర్ణాటక సంగీతంలో ఏం పని అని ముక్కు విరిచినవాళ్ళు ఆ తర్వాతా ఉన్నారు. ఇప్పుడు ఆ రెండు పేర్లూ చెప్తే అందరూ చేతులు జోడిస్తారు. వాళ్ళతో దెబ్బలాడినవాళ్ళు కూడా విన్నవాళ్ళేనని నా పాయింటు. ఏ స్వరం తీసేశారో తెలిసిన చెవికే తీసేశారని కోపం వస్తుంది.

ఇదంతా మనసులో తిరుగుతుంటే, సరే చూద్దామని ఒక ఆదివారం సాయంత్రం సత్యనారాయణపురంలో మా డాబా మీద బ్లూటూత్ స్పీకర్ పెట్టి నేనే ఒక సభ చేశాను. హాజరైనవాళ్ళు బాబాయి, పిన్ని, కింద వాటాలో ఉండే మృదంగం మాస్టారు, మా ఆవిడ, ఆవిడ చెల్లెలు. పునుగులు ఉన్నాయన్నాను కాబట్టి వచ్చారు, అందులో సందేహం లేదు. రూల్ ఒక్కటే: మర్యాదకి బాగుందనకూడదు. నచ్చకపోతే ఆపమనొచ్చు, కిందికి వెళ్ళిపోవచ్చు.

మొదట షోన్‌బెర్గ్‌దే, 1912 నాటి పియెరో లూనేర్ అనే పాటల వరస పెట్టాను. అందులో గాయని పాడదు, అలాగని మాట్లాడదు. స్వరం మీద వాలి వెంటనే జారిపోతూ ఉంటుంది. పిన్ని రెండు నిమిషాలు విని "శృతిపెట్టె ఆగిపోయిందా ఆవిడకి?" అంది. బాబాయి మాత్రం, హరికథలో దాసుగారు రాక్షసుడి వచనం చెప్పేటప్పుడు ఇట్లాగే గొంతు పైకీ కిందికీ ఊపేవాడని ఒక పేరు తలుచుకుని, ఆయన జర్దా అలవాటు గురించి ఒక కథ మొదలెట్టాడు. మా మరదలు అన్న మాట నాకు బాగా పట్టుకుంది. "ఇది దయ్యం సినిమా బ్యాక్‌గ్రౌండే కదా బావా, బొమ్మ లేదంతే." నిజమే. ఆ గీకుళ్ళు, ఆ అపస్వరాల గుంపులు, ఉన్నట్టుండి వచ్చే నిశ్శబ్దం, ఇవన్నీ టికెట్ కొనుక్కుని, పాప్‌కార్న్ తింటూ రెండున్నర గంటలు వింటాం, ఎవరూ లేచి వెళ్ళరు. తలుపు వెనక ఎవరో ఉన్నారని బొమ్మ చెప్తుంటే చెవి ఒప్పుకుంటుంది. బొమ్మ తీసేసి అదే చప్పుడు హాల్లో వినిపిస్తే పట్టుకోవడానికి ఏమీ దొరకదు. పిన్ని నాలుగో పాటకి పునుగుల గిన్నె తీసుకుని కిందికి వెళ్ళిపోయింది. మొత్తం 21 ఉన్నాయని తనకి చెప్పలేదు.

తర్వాత అమెరికన్ స్వరకర్త స్టీవ్ రైష్ రాసిన ఫోర్ ఆర్గన్స్. 1970 నాటిది. నాలుగు ఎలక్ట్రిక్ ఆర్గన్లు, ఒక మరాకా. మొదటినుంచీ చివరిదాకా ఒకటే కార్డ్, అంటే ఒకేసారి మోగే స్వరాల గుత్తి, దాన్ని కొంచెం కొంచెంగా సాగదీస్తూ పోవడమే, పావు గంట పైన. గింజలు గలగలలాడినట్టు మరాకా ఆగకుండా కొడుతూనే ఉంటుంది. 1973 జనవరిలో న్యూయార్క్ కార్నెగీ హాల్లో ఇది వాయిస్తుంటే కేకలు, త్వరగా ముగించమని చప్పట్లు, మహా గందరగోళం అయిందట. ఒకావిడ ముందుకొచ్చి స్టేజీకి తల కొట్టుకుంటూ, ఆపండి, నేరం ఒప్పుకుంటున్నా అందని, ఆ రాత్రి వాయించినవాళ్ళలో ఒకడైన మైకేల్ టిల్సన్ థామస్ తర్వాత చెప్పుకునేవాడు. మా డాబా మీదా అలాంటిదే జరుగుతుందనుకున్నాను. మా ఆవిడ "పక్కింటివాళ్ళు ఏమనుకుంటారు" అంది కూడా. ఈలోగా మృదంగం మాస్టారు చెయ్యెత్తి ఊరుకోమన్నారు. ఆయన కార్డ్ వినడం లేదు, మరాకా వింటున్నారు. వేళ్ళు తొడమీద కదులుతున్నాయి. కాసేపయ్యాక "పదకొండు" అన్నారు. "మూడూ ఎనిమిదీ. మొదట ఎత్తుకుంది పదకొండు. ఇప్పుడు పెంచుతున్నాడు." ఇక అక్కణ్ణుంచి అది కచేరీ కాదు, పందెం. బాబాయి ఒక పక్క లెక్క, మాస్టారు ఒక పక్క లెక్క, "ఇప్పుడెంతైంది", "నువ్వు తప్పావు", "నేనెందుకు తప్పుతా, వాడే సాగదీశాడు". పావుగంట ఎలా గడిచిందో తెలియలేదు. చివర్లో ఒక కార్డ్ ఎన్ని మాత్రలు నిలబడిందో ఇద్దరికీ వేరేవేరే లెక్కలొచ్చాయి, ఇప్పటికీ తేలలేదు. రాగం వెతుక్కున్న పిన్నికి ఏమీ దొరకలేదు, లెక్క పట్టుకున్న మాస్టారికి కావలసినంత దొరికింది.

కార్నెగీ హాల్లో ఆ రాత్రి గోల చేసినవాళ్ళ పక్కన మా మాస్టారు లాంటివాడు ఒకడు కూర్చుని ఉంటే అనుకున్నాను. చెల్లో ఆయన హాల్లోనూ ముప్పావుగంట శాలువాలు కప్పే బదులు ఎవరైనా లేచి, ఈయన బ్రిడ్జికి అవతల ఎందుకు గీస్తాడు, అక్కడ తీగ ఎంత పొట్టిగా ఉంటుంది, చప్పుడు ఎలా మారుతుంది అని రెండు నిమిషాలు చూపించి ఉంటే జనం దారి వేరుగా ఉండేది. అప్పుడు కూడా నచ్చకపోవచ్చు. కానీ ఏది నచ్చలేదో తెలిసేది. వియన్నా గొడవ తర్వాత షోన్‌బెర్గ్ ఇలాంటిదే ఒకటి చేశాడు. 1918లో సభ్యులకి మాత్రమే ఒక సంఘం పెట్టి, ఈరోజు ఏం వాయిస్తామో ముందు చెప్పకుండా, పత్రికలవాళ్ళని రానివ్వకుండా, చప్పట్లూ ఈలలూ రెండూ నిషేధించి నడిపాడు. కష్టమైన రచనల్ని మళ్ళీమళ్ళీ వాయించేవాళ్ళు. అంటే అడగకుండానే వన్స్ మోర్. 1921 దాకా నడిచింది. చప్పట్లు వద్దన్నది నాకంత నచ్చదు, కొంచెం బడి పంతులు వరసగా ఉంటుంది. మళ్ళీ వినిపించడం మాత్రం మన సభలవాళ్ళు ఎవరైనా చేస్తే బాగుండును.

ఇక అమెరికన్ స్వరకర్త జాన్ కేజ్ గురించి చెప్పకపోతే ఎవరో ఒకరు అడుగుతారు. ఆయన రచన ఒకటుంది, నాలుగు నిమిషాల 33 సెకన్లు ఏమీ వాయించకపోవడం. 1952 ఆగస్టు 29న వుడ్‌స్టాక్ దగ్గర, వెనక అడవిలోకి తెరుచుకుని ఉండే మావెరిక్ హాల్లో, డేవిడ్ ట్యూడర్ పియానో ముందు కూర్చుని మూత వేసి, తీసి, మళ్ళీ వేసి, అలా మూడు భాగాలు పూర్తి చేశాడు. తర్వాత చర్చలో ఒకాయన లేచి, వీళ్ళని ఊళ్ళోంచి తరిమేద్దాం అన్నాడట. కేజ్ అంతకు కొన్నేళ్ళ ముందు గీతా సారాభాయ్ అనే ఆవిడ దగ్గర మన సంగీతం గురించి నేర్చుకున్నాడు. మనసుని నిమ్మళపరిచి దైవానికి అనువుగా చేయడమే సంగీతం పని అని ఆవిడ చెప్పిందని రాసుకున్నాడు కూడా. మా డాబా మీద దీన్ని ఫోన్‌లో టైమర్ పెట్టి చేద్దామన్నాను. నలభై సెకన్లు కాకముందే బాబాయి "స్పీకర్ కనెక్ట్ అవలేదేమో చూడరా" అన్నాడు. విషయం చెప్పాను. "హార్మోనిస్టు రాకపోతే మేమూ ఇట్లాగే కూర్చునేవాళ్ళం, కాకపోతే జనం టికెట్ డబ్బులు అడిగేవాళ్ళు" అన్నాడు. ఇక అది నాలుగు నిమిషాలు నిలబడుతుందా!

డబ్బుల మాట వచ్చింది కాబట్టి ఫ్రెంచి స్వరకర్త ఎరిక్ సాటీ రాసిన వెక్సేషన్స్ కథ చెప్పాను. ఒక పేజీకి మించని పియానో రచన. దాన్ని వరసగా 840 సార్లు వాయించే సంగతి ఆయన పైన రాసి పెట్టాడు. 1963 సెప్టెంబర్లో కేజ్ న్యూయార్క్‌లో నిజంగానే వాయింపించాడు. పియానోవాళ్ళు వంతులవారీగా, 18 గంటల పైన. న్యూయార్క్ టైమ్స్ విమర్శకుల్ని కూడా వంతులవారీగా పంపింది. టికెట్ 5 డాలర్లు, కూర్చున్న ప్రతి 20 నిమిషాలకీ 5 సెంట్లు వెనక్కి. ఎంత ఎక్కువసేపు వింటే అంత చవక. అంతా అయ్యాక మిగిలిన కొద్దిమందిలో ఒకడు మళ్ళీ వాయించమని కేకేశాడట.

బాబాయి ఆ చివరి సంగతికి నవ్వలేదు. ఆ కేకేసినవాడు నాటకాల పిచ్చోడయి ఉంటాడు, అందులో వింతేముంది అన్నాడు. ఆయనకి నచ్చింది డబ్బులు వెనక్కిచ్చే పద్ధతి. బెజవాడలో సన్మాన సభలకి వెంటనే అమలు చెయ్యాలట, శాలువాకి ఇంత, ఉపన్యాసానికి ఇంత అని రేటు కట్టి. మాస్టారు శాలువాకి పది రూపాయలు చాలన్నారు, ఉపన్యాసానికి నిమిషాల లెక్కన కట్టాల్సిందేనని బాబాయి పట్టుబట్టాడు.